పోగు తెగిందా?

ఫ్రిజ్ తలుపు మీద మా వదిన ఒక కాగితం అంటించింది. అడ్డంగా రోజులు, నిలువుగా మనుషులు. అమ్మ, అన్నయ్య, వదిన, నేను, నలుగురం నీళ్లలోకి. ఐదో వరసలో నాన్న, ఆయన పడవ వరకే. ముప్పై మూడేళ్లు బస్సు కండక్టరుగా నిలబడే బతికిన మనిషి, “నీళ్ల కింద పట్టుకోవడానికి పైన కమ్మీ ఉండదు, నేను రాను” అని మొదటి రోజే తేల్చేశారు.

ప్రయాణం అమ్మ కోసం. ఆ ముక్క కాగితం మీద ఎక్కడా లేదు, కాని ఇంట్లో అందరికీ తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు నేత మిల్లులో పనిచేసి, రెండు నెలల కిందట అమ్మ పని విరమించింది. మిల్లు అమ్మని వదిలింది గాని మిల్లు మోత వదల్లేదు. లేచినా పడుకున్నా, తిన్నా తిరిగినా, చెవుల్లో ఒకటే హోరు. పనికి వెళ్లనవసరం లేని మొదటి సోమవారం ఆమె వంటింటి బల్ల దగ్గర కూర్చుని, గోడ గడియారం వైపు చూస్తూ, “ఏ చప్పుడూ లేని చోటొకటి చూడాలనుందే” అంది.

వదిన కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అమర్చే మనిషి. ఎవరికి ఏది కనపడాలో కనిపెట్టడమే ఆమె పని. “సముద్రం అడుగున ఉంటుంది అత్తయ్యా అలాంటి చోటు. గాలి సిలిండరు వీపుకి కట్టుకుని దిగుతారు. మీకు ఈత వచ్చు కదా” అంది. అప్పుడు అందరం నవ్వాం. వారం తిరిగేసరికి కాగితం ఫ్రిజ్ ఎక్కింది. పన్నెండు గంటల రైలు, రెండు గంటల పడవ, ఆ చివర ఏడాది పొడుగునా వెచ్చగా ఉండే సముద్రం, దాని కింద పగడపు దిబ్బలు. వదిన ఆకుపచ్చ పెన్సిలుతో దిబ్బలు కూడా గీసింది. అవి అరటిగెలల్లా ఉన్నాయని అన్నయ్య అన్నాడు. ఆ రోజు అతని టిఫిన్ డబ్బాలో కూర రాలేదు.

వదిన తెచ్చిన పత్రంలో ఆరోగ్యం గురించి ముప్పై నాలుగు ప్రశ్నలున్నాయి. చెవుల ప్రశ్న దగ్గర అమ్మ కలం ఆగింది.

“ఏమీ లేదని రాసేద్దామా?” అంది మెల్లగా.

“కాగితం నమ్ముతుంది అత్తయ్యా, చెవి నమ్మదు” అని వదిన ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ దీపం వేసి చూసింది, గాలి పెట్టి చూసింది, చెవి పక్కన గంట మోగించి చూసింది. హోరుకి కారణం లోపలి నరం అరగడమేనని, పొరలు మాత్రం చెక్కు చెదరలేదని, వెళ్లొచ్చని చెప్పింది. ఒక్క షరతు పెట్టింది. దిగేటప్పుడు రవ్వంత నొప్పి తోచినా మొండికేయకూడదు, వెంటనే పైకి తీసుకెళ్లమని చెప్పాలి. “చెప్పగలరు కదా?” అని అడిగింది. అమ్మ చెప్పగలనంది. డాక్టరమ్మ సంతకం చేసింది.

తీరానికి వెళ్లే ముందు మూడు పాఠాలు మా ఊరి ఈతకొలనులోనే పూర్తిచేయాలి. పాఠాలు చెప్పే ఆయన భుజాలు, పొట్ట, నడక చూసి నాన్న, తుండుగుడ్డల సంచి పక్కన కూర్చున్నచోటు నుంచే, ఆయనకి తిమింగలమని పేరు పెట్టారు. వెంటనే భయమేసి ‘గారు’ తగిలించారు. అప్పటినుంచి మా ఇంట్లో ఆయన తిమింగలంగారు.

“నీళ్ల కింద నోరుండదు, చేతులే నోరు” అన్నారు ఆయన మొదటి పాఠంలో. “బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే బాగున్నామని. అదే సున్నా నేను చూపిస్తే, బాగున్నారా అని అడుగుతున్నట్టు. మీరూ సున్నాతోనే జవాబు చెప్పాలి. బొటనవేలు పైకెత్తారా, పైకి వెళ్దామని అర్థం. ఆ వేలు లేచిందంటే నేను మళ్లీ అడగను, ఆలోచించను, వాదించను. అందరినీ పైకి తెచ్చేస్తాను.”

అమ్మ చెయ్యెత్తింది, బళ్లో పిల్లలా. “అక్కడ చప్పుడుండదు కదా బాబూ?”

“ఉంటుందమ్మా. మీ ఊపిరే పెద్ద చప్పుడు. బుడగలు చెవుల పక్కనుంచే పోతాయి.”

అమ్మ ముఖం చిన్నబోయింది. అయినా సిలిండరు కట్టించుకుంది, గొట్టం నోట పెట్టుకుంది, ఒక్కో మెట్టూ దిగింది.

రెండు నిలువుల లోతున, నీలం పలకల నేల మీద, నలుగురం మోకాళ్ల మీద కూర్చున్నాం. తిమింగలంగారు సున్నా చుట్టి ఒక్కొక్కరికీ చూపించారు. అమ్మ బొటనవేలెత్తింది. అన్నయ్య బొటనవేలెత్తాడు. నేనూ బొటనవేలెత్తాను. ఆయన మరుక్షణం అందరినీ పైకి తెచ్చారు.

“ఏమైంది? ఎవరికేమైంది?”

“ఏం కాలేదే! బాగున్నాం!” అన్నాం ముగ్గురం ఒక్క గొంతుతో.

వదిన మాస్కు నుదుటి మీదికి నెట్టి, “నేను చక్కగా సున్నా చుట్టాను సార్! ఈ ఇంటి కోడలినైనందుకు నన్నూ లాక్కొచ్చారు!” అంది.

కొత్తవాళ్లు ఒకటి రెండుసార్లు అలా చేయడం మామూలేనని ఆయన నవ్వారు. మళ్లీ దిగాం. మళ్లీ మూడు వేళ్లు లేచాయి. మళ్లీ పైకొచ్చాం. అంచున కూర్చున్న నాన్న, “ఎక్కడమూ దిగడమూ తప్ప బండి కదలట్లేదేం! రైట్, రైట్!” అని కేకేశారు.

కొత్తవాళ్లు చేసే తప్పు కాదది, పాతవాళ్లు చేసే తప్పు. మిల్లులో ఒక్క కప్పు కింద నూట ఇరవై మగ్గాలు ఆడేవి. అరిచిన అరుపు పెదవుల దగ్గరే పడిపోయేది. అందుకే అక్కడి ఆడవాళ్లు వేళ్లతో మాట్లాడుకునేవాళ్లు. ఎదురు మగ్గం మనిషి గడ్డం ఎగరేస్తే బాగున్నావా అని. బొటనవేలెత్తితే బాగున్నాను, మగ్గం నడవనీ అని. పావుగంటకోసారి అడగాలి, పావుగంటకోసారి చెప్పాలి. వేలు లేవకపోతే అడిగిన మనిషి పరుగెత్తుకెళ్లి ఎదుటి మగ్గం ఆపెయ్యాలి. ఒక ఎండాకాలం అమ్మ అలా పరుగెత్తింది. ఎదురు మగ్గం పిన్ని కళ్లు తిరిగి, పైబట్ట చక్రానికి చుట్టుకుంటూ ఉండగా పిడి లాగింది. ఆ పిన్ని మనవల్ని ఎత్తుకుని ఇప్పటికీ మా ఇంటికి వస్తుంది.

షెడ్డు పక్కన గాజు కిటికీ పెట్టిన పిల్లల గది ఉండేది. అన్నయ్య, తర్వాత నేను, అందులో పెరిగాం. అమ్మ మగ్గాల వరస చివరికి వచ్చి గాజులోంచి గడ్డం ఎగరేసేది. మేం వేలెత్తేవాళ్లం. అమ్మ వేలెత్తేది. వెళ్లిపోయేది. నాకు మాట కంటే ముందు ఆ వేలే వచ్చిందట. ఎవరైనా పలకరిస్తే గోడకు అతుక్కుపోయే పిల్లని నేను. ఇప్పటికీ పంటి అచ్చులు పోసే పనిగదిలో, మాట్లాడనవసరం లేని సుద్ద పళ్లతోనే నాకు స్నేహం. అలాంటి నాకు, గాజు అవతల ఆ పొట్టి బొటనవేలు లేచిందంటే ఆ పూటకి లోకమంతా నా పక్షమే. దాన్ని ఇక మరిచిపొమ్మంటే అమ్మకే కాదు, నాకూ కష్టమే అయింది.

ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే అమ్మ చెప్పింది, “ఆయన చెప్పింది నిజమేనే. చప్పుడుంది. కాని అది నా చప్పుడే కదా. ముప్పై ఏళ్లు మిల్లుదే విన్నాను. నేను ఊపిరి పీలిస్తే ఇలా ఉంటుందని ఇప్పుడే తెలిసింది.” తడి జుట్టు మెడకు అంటుకుని, ఆమె పదేళ్లు చిన్నదానిలా ఉంది. నేను వదిన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. “ఏంటి గువ్వా, చలా?” అంది వదిన. ఇంట్లో నా పేరు గువ్వ. అవునన్నాను.

రెండు రోజులు ఇల్లంతా సున్నాలే. లిఫ్టులు బాగుచేసే అన్నయ్య, గ్రీజు చేతులతో సున్నాలు చుడుతూ గుమ్మంలోకి వచ్చేవాడు. “అమ్మా, బాగున్నావా?” అంటే అమ్మ వేలు లేచేది. “అత్తయ్యా, చారు బాగుందా?” అంటే వేలు లేచేది. వదిన విసిగి ఆ వేలికి తెల్లగుడ్డ చుట్టి కట్టింది. ఇప్పుడు తెల్లటి వేలు లేచేది.

“జెండా కట్టి మరీ ఎగరేయించావు కదమ్మా” అన్నారు నాన్న.

“మీరు నవ్వుతూ ఉండండి మామయ్యా, అక్కడ సముద్రం మూసేస్తారు మనకి.”

బుధవారం రెండో పాఠం. అన్నయ్య, నేను సున్నాలు నేర్చుకున్నాం. అమ్మ ఏడుసార్లు బొటనవేలెత్తింది. ఏడుసార్లూ తిమింగలంగారు పైకి తెచ్చారు. ఏడుసార్లూ అదే ఓపిక, అదే మాట: “ఏమైనా నొప్పా అమ్మా?” ఏడుసార్లూ అమ్మ, “లేదు బాబూ, బాగుంది. చెయ్యి దానంతటదే లేచింది” అంది. ఎనిమిదోసారి దిగబోతూ ఆమే ఆగిపోయింది.

ఆయన గట్టు మీద అమ్మ పక్కన కూర్చున్నారు. “అమ్మా, మీకు చెవి బాధ ఉంది కాబట్టి చెప్తున్నాను. ఈ వేలు అబద్ధమని నేనొక్కసారి వదిలేశాననుకోండి. నిజంగా నొప్పి వచ్చిన రోజు నాకెలా తెలుస్తుంది? శనివారం ఆఖరి పాఠం. ఆ రోజూ ఇలాగే అయితే, తీరంలో పడవవాళ్లకి ముగ్గురి పేర్లే రాసిస్తాను. నన్ను తిట్టుకోకండి.”

“తిట్టుకోవడమెందుకు? మా మిల్లు మేస్త్రీ అయితే మూడోసారికే గెంటేసేవాడు” అంది అమ్మ.

ఇంటికొచ్చాక ఆమె తుండుగుడ్డలు ఆరేస్తూ, మాకు వీపు పెట్టి, “మీరు ముగ్గురూ దిగండి. నేను మీ నాన్నతో పడవలో కూర్చుని బట్టలకి కాపలా ఉంటాను. ఎవరో ఒకరు ఉండాలి కదా” అంది.

“సముద్రం మధ్యలో బట్టలెవరు ఎత్తుకుపోతారమ్మా, పీతలా?” అన్నాడు అన్నయ్య. అతని గొంతులో నవ్వు లేదు.

వదిన విసురుగా ఫ్రిజ్ దగ్గరికి వెళ్లింది. “మీరు రాకపోతే ఎవ్వరం వెళ్లం. ఈ కాగితం చించేస్తాను.”

“చించకే తల్లీ, వెనకవైపు ఖాళీగా ఉంది” అంది అమ్మ.

అందరం నవ్వాం. నవ్వు సగంలో వదిన కళ్లు తుడుచుకుని గదిలోకి వెళ్లిపోయింది. కడుపున పుట్టిన మేమిద్దరం మిల్లు మోతని అమ్మ ఒంటిలో ఒక భాగమనుకుని ఊరుకున్నాం. నాలుగేళ్ల కిందట ఈ ఇంటికొచ్చిన ఆమె ఊరుకోలేదు. ఆ పూట ఆ గది తలుపు వైపు చూస్తూ, ఆమెకెలా కృతజ్ఞత చెప్పాలో తెలియక, ఆమె చెప్పులు రెండూ తుడిచి జతగా పెట్టాను.

గురువారం నేను పని నుంచి వచ్చేసరికి బట్టల మెషీను ఆఖరి చుట్టు తిరుగుతోంది. ఇల్లు అదురుతున్నంత చప్పుడు. అమ్మ కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని, ప్రయాణపు సంచి పట్టీ కుడుతోంది. తాను దిగకపోయినా సంచి బయల్దేరాలి కదా అన్నట్టు కుడుతోంది. సూది పళ్ల మధ్య ఉంది, దారం ఆమె ఒళ్లో రెండు ముక్కలై ఉంది. ఆ మోతలో నోరు తెరిచి లాభం లేదు. చిన్నప్పుడు గాజు వెనక చూసి నేర్చిన గుర్తు నా చేతికి వచ్చింది. రెండు వేళ్లు జోడించి, చటుక్కున విడదీశాను. పోగు తెగిందా?

అమ్మ తలెత్తింది. సూది పళ్ల మధ్యే ఉంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి చూపించింది. అతికాను, అని దానర్థం.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ముడి వేసేటప్పుడు వేళ్లు ఎలా కలుస్తాయో అలా కలిశాయి. గుండ్రంగా, నిండుగా, తిమింగలంగారు రెండు పాఠాలుగా అడుగుతున్న సున్నా అది.

మళ్లీ అడిగాను, పోగు తెగిందా? మళ్లీ సున్నా. స్నానాలగది వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి అడిగాను. మళ్లీ సున్నా. మెషీను ఆగింది. అమ్మ సూది తీసి, “ఎన్నిసార్లు తెగుతుందే అది? నీకేమైనా పిచ్చా?” అంది.

“అమ్మా, ఇంకొక్కసారి చెయ్యవా?”

“ఏం చెయ్యమంటావు?”

తాను ఏం చేసిందో ఆమెకి తెలియదు. వదినని పిలిచాను. అంత గట్టిగా నేను పిలవగా మా ఇంట్లో ఎవరూ వినలేదు. వదిన చేతిలో గరిటెతో పరుగెత్తుకొచ్చింది. అన్నయ్య సబ్బు ముఖంతో వచ్చాడు. నాన్న వచ్చి, “ఏం పడిపోయింది?” అన్నారు. నేను అమ్మ ముందు నిలబడి వేళ్లు జోడించి విడదీశాను. అమ్మ చెయ్యి జవాబు చెప్పింది.

వదిన గరిటె నేల మీద పడింది.

శనివారం పొద్దున తిమింగలంగారికి ఈ సంగతి నేనే చెప్పాలని వదిన పట్టుబట్టింది. “నువ్వు కనిపెట్టావు, నువ్వే చెప్పు.” ఆయన ముందు నిలబడి, నా కాలివేళ్లకే చెప్తున్నట్టు చెప్పాను. మిల్లు గురించి, గడ్డం ఎగరెయ్యడం గురించి, పోగు గురించి. చెప్పి, “మీరు బాగున్నారా అని అడిగితే అమ్మ చెయ్యి మిల్లు జవాబే చెప్తుంది సార్. మీరు వేరేలా అడిగితే...” అని ఆగిపోయాను. ఒక మనిషిని, అందునా పాఠం చెప్పే మనిషిని, మీ ప్రశ్న మార్చుకోండి అని అడగడం అంత తేలిక కాదు.

ఆయన అమ్మ వైపు తిరిగి చూశారు. “సున్నా అంటే బాగున్నానని మీ అమ్మగారికి తెలుసు కదా? తెలిసీ చెయ్యి వినట్లేదు, అంతే కదా?”

“అంతే సార్.”

“నాకు కావలసింది సరైన జవాబు. ఎలా అడిగానన్నది నా సంగతి” అంటూ లావాటి వేళ్లు రెండూ జోడించి విదిలించారు. “ఇలాగేనా అమ్మా?”

అమ్మ కంగారుగా ఆయన చెయ్యి పట్టుకుంది. “అయ్యో, అలా కాదు బాబూ! అలా చేస్తే మేస్త్రీ వస్తున్నాడని!”

ఆయన నవ్విన నవ్వుకి అవతల ఈదుతున్నవాళ్లు ఆగి చూశారు. అమ్మ ఆయన వేళ్లు పట్టుకుని నేర్పింది. మెల్లగా కలపాలి, చటుక్కున విడదియ్యాలి, మణికట్టు కదపకూడదు. పదిసార్లు చేయించి గాని వదల్లేదు. పాఠం చెప్పే మనిషి పాఠం నేర్చుకున్నారు, తల వంచుకుని, తప్పు చేసినప్పుడల్లా నాలుక కరుచుకుని.

దిగాం. నీలం పలకల మీద మోకాళ్లు ఆనించాం. ఆయన అన్నయ్యకి సున్నా చూపించారు, జవాబు సున్నా. వదినకి, నాకు, అలాగే. అప్పుడు అమ్మ వైపు తిరిగి, రెండు వేళ్లు జోడించి విడదీశారు.

అమ్మ చెయ్యి లేచింది. బొటనవేలు, చూపుడువేలు కలిశాయి.

ఐదు నిమిషాలకి మళ్లీ అడిగారు. కలిశాయి. కొలను ఆ చివరిదాకా ఈది వెళ్లి అడిగారు. కలిశాయి. మాస్కులో నీళ్లు నింపి తీయించాక అడిగారు. కలిశాయి. అద్దాల వెనక వదిన కళ్లు పెద్దవయ్యాయి. ఎన్నిసార్లు కలిశాయో లెక్క మరిచిపోయి నేను నా ఊపిరి వినసాగాను.

అప్పుడు, ఎవరూ అడగకుండానే, అమ్మ బొటనవేలెత్తింది.

తిమింగలంగారు ఆమెను ఒక్క క్షణం చూశారు. మాటిచ్చినట్టే మళ్లీ అడగలేదు, ఆలోచించలేదు, వాదించలేదు. అందరినీ పైకి తెచ్చారు. నీళ్లపైన ఎవ్వరం ఎవ్వరి ముఖమూ చూడలేదు. ఇంతదాకా వచ్చి, ఇంత దగ్గరగా వచ్చి.

“చెప్పండమ్మా” అన్నారు ఆయన మెత్తగా.

అమ్మ గొట్టం తీసింది. పెదవులు వణుకుతున్నాయి.

“చలేస్తోంది బాబూ. పైకి తీసుకెళ్లమన్నాను.” మా ముఖాలు చూసి బెదిరిపోయింది. “అదే కదా దానర్థం? మళ్లీ తప్పు చేశానా?”

వదిన నీళ్లలోనే ఆమెను కౌగలించుకుంది. రెండు సిలిండర్లు ఠంగుమన్నాయి. అన్నయ్య ఈలవేశాడు. నాన్న గట్టు మీద లేచి నిలబడి తుండుగుడ్డ ఊపుతున్నారు, ఏం జరిగిందో తెలియకుండానే.

“తప్పా?” అన్నారు తిమింగలంగారు. “అమ్మా, ఈ ఒక్క వేలు కోసమే నేను రెండు పాఠాలుగా ఎదురుచూస్తున్నాను.”

ఆయన గదిలో, తడి కాళ్లతో, వరసగా నిలబడ్డాం. ఆయన పత్రంలో నలుగురి పేర్లూ రాశారు. అమ్మ పేరు దగ్గర కలం ఆపి, ఫోను తీసి తీరంలో పడవవాళ్లతో మాట్లాడారు. తేదీ చెప్పారు, మనుషుల లెక్క చెప్పారు, చెవి సంగతి చెప్పారు. నేను కిటికీ పక్కన నిలబడి వింటున్నాను. ముప్పై ఒక్క ఏళ్ల మిల్లు భాషలోంచి ఒక్క వాక్యం, ఏ సంబంధమూ లేని ఒక పెద్దమనిషి నోట, ఎక్కడో ఉన్న వెచ్చటి సముద్రానికి ప్రయాణమవుతుంటే వింటున్నాను. థాంక్స్ చెప్పాలి. బయటికెళ్లే ముందు చెప్పాలి, గట్టిగా, నా కాలివేళ్లకి కాదు, ఆయన ముఖం చూసి చెప్పాలి.

“అవును, పెద్దావిడే” అంటున్నారు ఆయన ఫోనులో. “బ్రహ్మాండంగా దిగుతారు. ఒక్క విషయం రాసుకో. నీళ్ల కింద ఆవిణ్ని బాగున్నారా అని అడగొద్దు. పోగు తెగిందా అని అడగాలి... అదా? ఎలాగో నేను చూపిస్తాను, వీడియో పెట్టు. జాగ్రత్త, మణికట్టు కదిపావంటే మేస్త్రీ వచ్చేస్తాడు.”